తుపాకీకి చత్వారం

కోటప్పకొండ తిరనాళ్ళలో బెలూన్ల దుకాణం దగ్గర మొదటిసారి తుపాకీ పట్టుకున్నప్పుడు నాకు పదేళ్ళుంటాయి. ప్రభల దీపాల వెలుగులో, అట్ట మీద వరసలుగా బెలూన్లు. ఎర్రదానికి గురిపెట్టి కొడితే దాని కుడిపక్కన రెండోది పేలింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ కుడివైపుకే పోయింది. దుకాణం అతను నవ్వి, “అబ్బాయా, ఏది కావాలో దాన్ని చూడమాక. దానికి ఎడమపక్క రెండోదాన్ని చూసి కొట్టు” అన్నాడు. గొట్టం ఒంకరని అతనికి తెలుసు. ఎటు ఒంకరో, ఎంత ఒంకరో కూడా తెలుసు. ఆ లెక్క అతని దగ్గరే ఉంటుంది గనక తిరనాళ్ళలో ఎప్పుడూ అతనే గెలుస్తాడు.

నలభై ఏళ్ళ తరవాత ఒహాయోలో, కొలంబస్ ఊరి బయట ఒక షూటింగ్ క్లబ్బులో నాకు మళ్ళీ అదే అవస్థ వచ్చింది. ఈసారి తుపాకీ తిన్నగానే ఉంది.

అమెరికాలో తుపాకీ కొన్నానంటే మనవాళ్ళ మొహాలు మారిపోతాయి. అందుకే ముందే చెప్పేస్తాను: నాది పాయింట్ టూ టూ. రైఫిళ్ళలో పసిపిల్ల. ఆ తూటా 1887 నుంచీ ఉంది. అందులోంచి వెళ్ళే సీసపు గుండు బరువు మామూలుగా రెండున్నర గ్రాములకు కాస్త పైన. పేలిస్తే భుజానికి దెబ్బ తగిలినట్టే ఉండదు. ఆఫీసులో పనిచేసే స్నేహితుడొకడు ఒక శనివారం పొద్దున లాక్కుపోయాడు. నేలమీద చాప పరుచుకుని బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి ఆపి, యాభై గజాల అవతల కాగితం మీదున్న నల్లచుక్కను చూస్తూ ఉంటే, వారమంతా బుర్రలో తిరిగే ఈమెయిళ్ళన్నీ ఎక్కడికో పోయాయి. ధ్యానం క్లాసులో నాకు దొరకనిది అక్కడ దొరికింది. మరుసటి నెలలోనే చెక్ దేశపు సీజెడ్ 457 కొన్నాను. కాగితాన్ని తప్ప ఇప్పటిదాకా దేన్నీ కొట్టలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ రైఫిల్ మీద ఉన్నవి ఇనుప సైట్లు. కంటికి దగ్గరగా ఒక గాడి, గొట్టం చివర ఒక మొన, దూరంగా లక్ష్యం. మూడింటినీ ఒక వరసలో పెట్టాలి. గాడి అడుగున్నర దూరంలో ఉంటుంది, మొన రెండున్నర అడుగుల్లో, కాగితం నూటయాభై అడుగుల్లో. కుర్ర కన్నయితే మూడింటి మధ్యా చకచకా తిరిగి, మూడూ ఒకేసారి కనపడుతున్నాయని మనల్ని నమ్మిస్తుంది. నలభై దాటాక కంట్లోని కటకం బిరుసెక్కుతుంది. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు చూడండి: చత్వారం. నలభై అనే సంస్కృతపు మాటలోంచి వచ్చింది. జబ్బుకు వయసునే పేరుగా పెట్టేశారు, ఇక వాదించడానికేముంది? చదువుకునే కళ్ళజోడు పెట్టుకుంటే మొన బాగా కనపడి కాగితం మసకబారేది. తీసేస్తే కాగితం తేటగా ఉండి మొన ఊలుదారంలా బొచ్చు బొచ్చుగా కనపడేది. నా గుళ్ళు కాగితం నిండా చిలకరించినట్టు పడేవి.

ఇనుప సైట్లంటే నాకు చులకన లేదు. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో స్కోపు, అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి, పెట్టుకోనివ్వరు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది కటకాల సాయంతో కాదు, ఒక చిన్న రంధ్రంలోంచి, దాని ముందున్న వలయంలోంచి చూసి. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల పోటీలో కాంస్యం తెచ్చింది నా రైఫిల్‌లో పట్టే తూటా రకంతోనే. అక్కడ పదో నంబరు వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరివీ దూరానివీ రెండూ కాస్త తేటపడతాయి. కళ్ళజోడు మరిచిపోయిన రోజు గుప్పిట బిగించి, వేళ్ళ సందులోంచి మందుసీసా మీది అక్షరాలు చదివే మా నాన్నకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కానీ ఆ పోటీల రకం మంచి రంధ్రపు సైట్లు కొనాలంటే చవక స్కోపు ధరకు రెండింతలో మూడింతలో అవుతుంది. పైగా నేను ఒలింపిక్స్‌కు వెళ్ళే ప్రమాదం లేదు.

కాబట్టి స్కోపు. తుపాకీకి కళ్ళజోడు పెట్టించాలి.

క్లబ్బులో అందరూ ఒక సూత్రం చెప్పారు: రైఫిల్‌కు ఎంత పెట్టావో స్కోపుకీ అంత పెట్టు. పెళ్ళికెంత ఖర్చయిందో రిసెప్షన్‌కీ అంత పెట్టాలన్నట్టుంది. నేను నూటయాభై డాలర్లు దాటకూడదని గీత గీసుకున్నాను. గీత నాది కాదు, నిజం చెప్పాలంటే. మా ఆవిడది గోదావరి వైపు, మాట మెత్తగానే ఉంటుంది. “ఏవండీ, దూరంగా ఉన్నది కనపడ్డానికి ఇంత డబ్బు పొయ్యాలాండీ? మీకు ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బానే కనపడదు కదా” అంది.

మొదట నేను చేసింది, చిన్న ఊళ్ళో కొత్తగా డబ్బు చూసినవాడు టీవీ కొనేటప్పుడు చేసే పనే. పెద్ద అంకె చూశాను. స్కోపుల మీద అంకెలుంటాయి. 6–24×50 అంటే ఆరు రెట్ల నుంచి ఇరవైనాలుగు రెట్లదాకా దగ్గరికి తెస్తుంది, ముందున్న కటకం వెడల్పు యాభై మిల్లీమీటర్లు. ఎనభై డాలర్లకే ఇరవైనాలుగు రెట్లు! పక్కనే, అదే ధరకు, పేరున్న కంపెనీది నాలుగు రెట్లది ఉంది. ఆరింతలు ఇచ్చేవాణ్ణి వదిలి ఎవరైనా దాన్ని కొంటారా? కంపెనీ పేరు చెప్పను. ఆ పేరు మీద ఇప్పుడు ఇంకేదో అమ్ముతున్నారు కూడా.

బిగించి, బోర్లా పడుకుని, ఇరవైనాలుగుకి తిప్పి చూశాను. కాగితం ముక్కు ముందుకొచ్చింది. దాంతోపాటు నా గుండె కూడా వచ్చింది. లోపలి గీతల కూడలి నల్లచుక్క మీద నిలబడదు. లబ్ అన్నప్పుడు ఎడమకు, డబ్ అన్నప్పుడు కిందికి. ఊపిరి తీస్తే మొత్తం మునిగిపోతుంది. అంతకుముందు నేను వణకనని కాదు, వణికేది కనపడేది కాదు. ఇప్పుడు ఇరవైనాలుగు రెట్లు కనపడుతోంది. చుక్క మీదికి గీత రాగానే కంగారుగా ట్రిగ్గర్ లాగేవాణ్ణి. వెళ్ళే బస్సును పరుగెత్తి పట్టుకున్నట్టు. ఇనుప సైట్లతో అయిదంగుళాల్లో పడేవి, దీంతో నాలుగున్నరలో పడ్డాయి. ఎనభై డాలర్లకు అర అంగుళం.

పైగా బొమ్మ మసక. ఇది లెక్క తెలిస్తే కొనకముందే తెలిసేది. ముందు కటకం వెడల్పును రెట్లతో భాగిస్తే, కంటికి చేరే వెలుగు కంత ఎంతో వస్తుంది. యాభైని ఇరవైనాలుగుతో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు. మన కనుపాప పట్టపగలు ఇంచుమించు అంతే ఉంటుంది, మబ్బు పడితే పెద్దదవుతుంది. అప్పుడు కన్ను నోరు తెరుచుకుని కూర్చుంటుంది, స్కోపు మాత్రం చెంచాతో పోస్తుంది. తల ఒక్క పిసరు కదిలిస్తే బొమ్మంతా చీకటి.

దీనికి మించిన దొంగ ఇంకొకడున్నాడు లోపల. అతని పేరు పారలాక్స్. నాకు ఆ మాట ఇంజనీరింగు కాలేజీలో చదివినప్పుడు ఎక్కలేదు గానీ, ఆ సంగతి మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. నరసరావుపేట నుంచి బస్సులో వెళుతూ కిటికీలోంచి చూస్తే దగ్గరున్న కరెంటు స్తంభాలు వెనక్కి పారిపోతాయి. కోటప్పకొండ మాత్రం మనతోపాటే వస్తుంది. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలూ కనపడతాయని దానికి త్రికూటమని పేరు. అరగంట ప్రయాణం చేసినా ఆ కొండ కదిలినట్టుండదు. కదిలే కంటికి దగ్గరదీ దూరందీ ఒక్కలా ప్రవర్తించవన్నమాట. స్కోపు లోపల కూడా ఇంతే. కాగితం బొమ్మ ఒకచోట ఏర్పడుతుంది, గురిగీతలు ఇంకోచోట ఉంటాయి. రెండూ ఒకే తలంలో లేకపోతే, తల కాస్త జరిగినప్పుడల్లా గీత లక్ష్యం మీద జారుతుంది. రైఫిల్ వెంట్రుకవాసి కదలదు, గురి మాత్రం కదులుతుంది.

స్కోపు ముందుభాగంలో అంకెలున్న రింగొకటి ఉంది. అదెందుకో తెలియక నూరు గజాల దగ్గరే వదిలేశాను. బొమ్మ మసగ్గా ఉంటే కంటివైపు కటకాన్ని తిప్పి తేటపరుచుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు. నూరు గజాలకు కుదిర్చిన యాభై మిల్లీమీటర్ల కటకంతో యాభై గజాల్లో చూస్తే, కన్ను ఒక అంచుకు జరిగినప్పుడు గురి పన్నెండున్నర మిల్లీమీటర్లదాకా తప్పవచ్చు. ఒలింపిక్స్ పదో వలయం కంటే పెద్ద తప్పు, ట్రిగ్గర్ మీద వేలు పడకముందే. పరీక్ష చాలా సులువు. రైఫిల్‌ని ఇసుకసంచుల మీద కదలకుండా పెట్టి, ముట్టుకోకుండా, తల ఒక్కటే పైకీ కిందికీ ఊపుతూ చూడాలి. గీత చుక్క మీద ఈదితే పారలాక్స్ ఉన్నట్టు. నేను తల ఊపుతుంటే పక్క చాప మీదాయన ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

రింగు సరిచేశాను. దాని మీద యాభై అని ఉన్నచోట యాభై లేదు, డెబ్బై దగ్గరెక్కడో దొరికింది. అయినా సరే అనుకున్నాను. అప్పుడు అసలు రోగం బయటపడింది: రెట్లు మారిస్తే గురి మారుతోంది. ఆరు దగ్గర కొట్టినవి ఒకచోట, ఇరవైనాలుగు దగ్గర కొట్టినవి అంగుళమున్నర పక్కన. బెలూన్ల దుకాణం అతను గుర్తొచ్చాడు. అతని తుపాకీయే నయం, ఒంకర ఎప్పుడూ ఒక్కటే.

అప్పటికి గాని స్కోపుకిచ్చే డబ్బు దేనికిస్తున్నామో నాకు తలకెక్కలేదు. రెట్లు పెంచడం చవక వ్యవహారం, నాలుగు వందల ఏళ్ళనాటి విద్య. 1608 నాటికే హాలండులో కళ్ళజోళ్ళు చేసేవాడు దుర్భిణికి పేటెంటు అడిగాడు. ఖరీదైనవి వేరే. ఒకటి వెలుగు: పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా దాదాపు నాలుగు శాతం వెలుగు వెనక్కి కొట్టేస్తుంది. స్కోపులో కటకాలు అయిదారు, వాటికి ముఖాలు పది పన్నెండు. వడ్డీ లెక్క వేసుకోండి. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో స్మకులా అనే ఆయన గాజుకు పలచటి పూత వేసి ఈ దోపిడీ తగ్గించాడు. ఇప్పుడు చవక స్కోపుల్లోనూ పూత ఉంటుంది, ఎన్ని ముఖాలకు ఉందన్నదే ప్రశ్న. రెండోది నిలకడ. గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం స్ప్రింగు ఆనుకుని వేలాడుతుంటుంది. పైనున్న మరలు తిప్పితే అది కదులుతుంది. తిప్పినప్పుడు తిప్పినంతే కదలాలి, తిప్పనప్పుడు అసలు కదలకూడదు. ఈ కదలకపోవడానికే ఎక్కువ డబ్బు. ప్రకటనల్లో దాన్ని ఫొటో తియ్యలేరు గనక పెట్టె మీద రెట్లు అచ్చేస్తారు.

పాయింట్ టూ టూ వాళ్ళకు ఇందులో ఒక అదృష్టముంది. పెద్ద రైఫిళ్ళ తన్నుకు చవక స్కోపులు బెదిరిపోతాయి. దీనికి తన్నే లేదు, కాబట్టి మధ్యరకానివి కూడా ఏళ్ళతరబడి ఉంటాయి. చిత్రమేమిటంటే స్ప్రింగుతో పనిచేసే ఎయిర్‌గన్, చూస్తే ఆటబొమ్మ, స్కోపుల పాలిట యముడు. లోపలి పిస్టన్ ముందుకొచ్చేటప్పుడు తుపాకీ ఒకసారి వెనక్కీ, అది ఆగగానే ముందుకీ కుదుపుతుంది. ఆ ముందుకొచ్చే కుదుపును తట్టుకునేలా చాలా స్కోపుల్ని చెయ్యరు. మన ఊళ్ళల్లో ఎయిర్‌గన్‌కు స్కోపు పెట్టించుకునేవాళ్ళు ఈ సంగతి అడిగి కొనడం మంచిది.

స్కోపు లోపలి గురిగీతల గురించి ఒక్క ముక్క. సుమారు 1640కి కాస్త ముందు విలియం గాస్కాయిన్ అనే ఇంగ్లీషు యువకుడు దుర్భిణితో ఆకాశం చూస్తుంటే లోపల సాలీడు అల్లిన దారం తేటగా కనపడిందట. దూరానిదాన్ని చూసే కంటికి ఈ దారం ఎందుకు కనపడుతోందని ఆలోచించి, బొమ్మ ఏర్పడేచోటే అది పడిందని తెలుసుకున్నాడు. గురిగీత అలా పుట్టింది. పాపం, 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో చచ్చిపోయాడు. మన శ్రీకాళహస్తిలో సాలీడు శివుడికి గూడు అల్లి మోక్షం పొందింది. ఆ ఇంగ్లీషు సాలీడుకు ఎవరూ గుడి కట్టలేదు.

రెండోసారి కొనడానికి అంగడికే వెళ్ళాను. మా అమ్మ వంకాయలు కొనేటప్పుడు బండివాడు చెప్పేది ఒక చెవిన వింటూ వేళ్ళతో నొక్కుతూ ఉండేది. నేనూ అలాగే మొదలుపెట్టాను. అద్దాల బీరువాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీయించి, వెలుతురున్న దుకాణం మధ్యకు కాకుండా నీడగా ఉన్న మూలకు తిప్పి చూశాను, ఎందుకంటే వెలుతుర్లో అన్ని గాజులూ మంచివే. బొమ్మ మధ్యలో కాకుండా అంచుల్లో చూశాను. మర తిప్పితే ప్రతి క్లిక్కూ విడిగా వేలికి తెలుస్తోందా, ఉప్మా గరిటెలా బంకగా ఉందా అని చూశాను. తల ఊపాను. అమ్మే కుర్రాడు ఓపిగ్గా నిలబడి, “సార్, మీరు దేన్ని కొడతారు?” అని అడిగాడు. “కాగితాన్ని, యాభై గజాల్లో” అన్నాను. “అయితే ఇవన్నీ ఎందుకు” అని నాలుగు స్కోపులు లోపల పెట్టేసి రెండే ఉంచాడు. దుకాణం అంతటా ఆరోజు నాకు దొరికిన మంచి బేరం ఆ ప్రశ్నే.

తీసుకున్నది 2–7×32, వోర్టెక్స్ వాళ్ళది, రిమ్‌ఫైర్ రకం. స్కోపు మీద ఆ మాటకు అర్థం, పారలాక్స్‌ని కర్మాగారంలోనే యాభై గజాలకు కుదిర్చి పంపారని. పెద్ద రైఫిళ్ళ స్కోపులకైతే మామూలుగా నూరు గజాలకు కుదురుస్తారు. ముందుభాగంలో తిప్పడానికి రింగూ లేదు, పాడవడానికీ ఏమీ లేదు. ఏడు రెట్ల దగ్గర కంటికి చేరే వెలుగు కంత నాలుగున్నర మిల్లీమీటర్లు, మబ్బు రోజైనా చాలు. నా గీత కాస్త జరుపుకుంటే ఇంకా మంచిది దొరికేదేమో. మూడు వందలు పెడితే గాజు తప్పకుండా తేటగా ఉండేది, ఆ తేడా కళ్ళతో చూశాను కూడా. కానీ ఆ తేడా ఎంతో నా చేతుల వణుకులో కలిసిపోతుందని అప్పటికే తెలుసు.

స్కోపు ధరలో ఎవరూ చెప్పని ఇంకో భాగం, దాన్ని తుపాకీకి పట్టి ఉంచే రింగులు. సీజెడ్ మీద ఉండేది పదకొండు మిల్లీమీటర్ల సన్న గాడి, నేను తెచ్చినవి వెడల్పు పట్టాకు పట్టే రకం. మళ్ళీ దుకాణానికి. సరైనవి తెచ్చాక బిగించడంలో ఒక పూట పోయింది. మరలను కొంచెం అటు, కొంచెం ఇటు, కారు చక్రానికి నట్లు బిగించినట్టు ఎదురెదురుగా బిగించాలి, బలం చూపిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. నిలువుగీత నిజంగా నిలువుగా ఉందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీల పద్ధతే పట్టాను. పెరట్లో చెట్టుకొమ్మకు దారం కట్టి, దానికి బరువు వేలాడదీసి, ఇంట్లోంచి స్కోపు గీతను ఆ దారంతో కలిపాను. రైఫిల్‌లోంచి బోల్టు తీసి పక్కన పెట్టేశాను లెండి.

ఆ శనివారం ముందు ఇరవై అయిదు గజాల్లో, తరవాత యాభైలో కుదుర్చుకున్నాను. యాభై గజాల్లో ఒక క్లిక్కుకు గురి మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన జరుగుతుంది. మొదటి అయిదు గుళ్ళూ రెండంగుళాలు కుడికి పడ్డాయి. కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, పదహారు క్లిక్కులు ఎడమకు తిప్పాను. తరవాతి అయిదూ చుక్క దగ్గరికొచ్చాయి. రెండుకీ ఏడుకీ మధ్య తిప్పి మళ్ళీ కొట్టాను. అక్కడే ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. ఇంతసేపూ నేను చేసింది ఆ బెలూన్ల అతని లెక్కే, కాకపోతే అతను నోటితో చెప్పేవాడు, ఇక్కడ మరతో తిప్పాలి.

ఇప్పుడు నావి అయిదులో నాలుగు పాత రూపాయి బిళ్ళ కింద దాగుతాయి. అయిదోది తన ఇష్టం. మాకు రెండు గంటల దారిలో, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ ఉంది. 1907 నుంచీ దేశపు పోటీలు జరిగే చోటు. అక్కడ పాయింట్ టూ టూ స్పోర్టర్ పోటీలో స్కోపు పెట్టుకోనిస్తారు గానీ ఆరు రెట్లు దాటనివ్వరు. ఆ నిబంధన చదివిన రోజు నా 6–24 మొహం చూడాలనిపించింది. ఆ పోటీలో ఆఖరి స్థానానికైనా పేరిద్దామా అని ఆలోచిస్తున్నాను. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. నా పక్కన పడుకుని, స్కోపు నాలుగు దగ్గరే ఉంచి, ఏమీ తిప్పకుండా, నాకంటే బాగా కొడుతుంది. దానికి ఇంకా ఉప్పుడబ్బా కనపడుతుంది మరి.

ఎనభై డాలర్ల స్కోపును తిరిగి తీసుకోమంటే గడువు దాటిందన్నారు. అది కొన్నాళ్ళు బీరువాలో పడి ఉంది. మొన్న అక్టోబరులో అట్లతద్ది వచ్చింది. మా ఆవిడ పొద్దుట్నుంచీ ఉపవాసం. గోరింటాకు పండిన చేతులతో అట్లు పోసి మూతపెట్టి, చంద్రుడి కోసం వెనక వరండాలో నిలబడింది. తూర్పున పక్కింటివాళ్ళ మేపుల్ చెట్లు అడ్డం. ఎనిమిదయింది, ఎనిమిదింబావయింది. నేను బీరువాలోంచి ఆ స్కోపు తీసి, కెమెరా ముక్కాలికి రబ్బరుబ్యాండ్లతో కట్టి, ఆకుల సందులకు గురిపెట్టాను. నలుపు, ఆకు, నలుపు, ఆకు, ఆ వెనక కాస్త పసుపు.

“వచ్చాడాండీ?” అంది.

“ఉండు, ఇరవైనాలుగుకి తిప్పనీ.”